విటమిన్లే కదా, ఎక్కువైతే ఏం పోతుంది?

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. ఇదే మొదటి కాన్పు, పదో వారం నడుస్తోంది. మూడేళ్ళుగా థైరాయిడ్ తక్కువని మాత్ర వేసుకుంటున్నాను. పాలు, గుడ్లు తీసుకుంటాను. మాంసం, చేపలు ముట్టను. కడుపుతో ఉన్నానని తెలిసిన దగ్గర్నుంచీ ఇంట్లో డబ్బాలు పెరిగిపోతున్నాయి. డాక్టరు గారు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ రాశారు. మా వారు గర్భిణుల మల్టీవిటమిన్ తెప్పించారు. అందులో విటమిన్ ఏ 5000 యూనిట్లు, ఫోలిక్ యాసిడ్ 800 మైక్రోగ్రాములు, ఐరన్ 27 మిల్లీగ్రాములు, ఐయోడిన్ 150 మైక్రోగ్రాములు, ఇంకా చాలా ఉన్నాయి. ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకున్న అరగంటకు టిఫిన్‌తో పాటు దీన్ని వేసుకుంటున్నాను. బిడ్డ మెదడుకు మంచిదని కాడ్ లివర్ ఆయిల్ కూడా తెచ్చారు. మందే కదా అని రోజూ ఒక చెంచా ముక్కు మూసుకుని మింగుతున్నాను. చెంచాకు విటమిన్ ఏ 4500 యూనిట్లని రాసి ఉంది. మా ఆడపడుచు ప్రొటీన్ పౌడర్ ఇచ్చింది. జుట్టు రాలుతోందంటే స్నేహితురాలు బయోటిన్ గమ్మీలు ఇచ్చింది, ఒక్కోదానిలో 5000 మైక్రోగ్రాములు, రెండు నెలలుగా రోజుకొకటి తింటున్నాను. మొన్న రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11.4 వచ్చింది. టీఎస్‌హెచ్ మాత్రం బాగా పడిపోయింది. ఇలాగే ఉంటే థైరాయిడ్ మాత్ర తగ్గిద్దామన్నారు. మల్టీవిటమిన్ వేసుకున్న రోజు వాంతులు ఎక్కువ. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి మానాలి? "విటమిన్లే కదా, ఎక్కువైతే ఏం పోతుంది" అంటున్నారు ఇంట్లో. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: లేబుళ్ళ మీది అంకెలు ఓపిగ్గా రాసి పంపారు, సగం పని మీరే చేసేశారు. చాలామంది "ఏదో ఎర్ర మాత్ర, ఏదో పచ్చ డబ్బా" అని రాస్తారు, నేను ఊహించుకుని చెప్పాల్సి వస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా మందుల కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని కాబట్టి మీ ఉత్తరం చదవగానే అలవాటుగా ఒక కాగితం తీసుకుని, ఏ పదార్థం ఎన్ని డబ్బాల్లోంచి మీ కడుపులోకి వెళ్తోందో కూడి చూశాను. బెంబేలు పడాల్సిందేమీ తేలలేదు. కానీ ఒక్క విషయం మాత్రం రేపూ ఎల్లుండీ అనకూడదు. అందుకని మీరు అడిగిన వరస పక్కన పెట్టి దాంతోనే మొదలుపెడతాను. అది మీ థైరాయిడ్ రిపోర్టు.

ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్షకు వాడే కిట్లలో చాలావాటికి బయోటినే జిగురు. రక్తంలోని హార్మోనును పట్టి నిలబెట్టడానికి దాన్ని వాడతారు. మామూలు మనిషి రక్తంలో ఉండే బయోటిన్ ఏపాటిది కాబట్టి ఇబ్బంది రాదు. గర్భిణికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. మీ గమ్మీలో ఉన్నది 5000, అంటే నూట అరవై రెట్లకు పైమాటే. అంత బయోటిన్ రక్తంలో తిరుగుతుంటే కిట్‌లో హార్మోను అతుక్కోవాల్సిన చోట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పని చేయమని మెదడు దగ్గర్నుంచి వచ్చే హార్మోను, ఒంట్లో థైరాయిడ్ హార్మోను (టీ4) ఎక్కువైతే అది తగ్గుతుంది. బయోటిన్ అడ్డుపడితే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపించవచ్చు. చూసినవాళ్ళకు 'థైరాయిడ్ మాత్ర ఎక్కువైంది, తగ్గించాలి' అనే అనిపిస్తుంది. రోగి గమ్మీ తింటోందని రిపోర్టులో ఎక్కడా రాసి ఉండదు కదా. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద డాక్టర్లనూ ల్యాబులనూ హెచ్చరించింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒక వైపే మాట్లాడినట్టవుతుంది. గర్భం వచ్చిన మొదటి మూడు నెలల్లో హెచ్‌సీజీ అనే హార్మోను బాగా పెరుగుతుంది. అది కూడా టీఎస్‌హెచ్‌ను కొంత కిందికి దించుతుంది, సరిగ్గా ఈ పదో వారం చుట్టుపక్కలే దాని జోరు. కాబట్టి మీ టీఎస్‌హెచ్ పడిపోవడానికి కారణం గమ్మీయేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. అన్ని ల్యాబుల కిట్లూ బయోటిన్‌కు మోసపోవు కూడా. తేల్చే దారి మాత్రం తేలిక. ఇవాళే గమ్మీలు ఆపండి. కనీసం రెండు మూడు రోజులు గడిచాక, ఎన్నాళ్ళు ఆగాలో డాక్టరు గారిని అడిగి, మళ్ళీ పరీక్ష చేయించుకోండి. ఆ రిపోర్టు వచ్చేదాకా మాత్ర డోసు మీ అంతట మీరు తగ్గించకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మొదటి మూడు నెలల్లో బిడ్డకు కావలసిన థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే రావాలి, దాని గ్రంథి ఇంకా పనిలోకి దిగలేదు. అందుకే అప్పటికే మాత్ర మీద ఉన్న తల్లికి గర్భంలో డోసు సాధారణంగా పెంచాల్సి వస్తుంది, పావు వంతు నుంచి సగం దాకా. పెంచాల్సిన రోజుల్లో తప్పుడు రిపోర్టు చూసి తగ్గిస్తే నష్టం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

మీ ఉత్తరంలో ఇంకో చిన్న వాక్యం ఉంది, మీరు యథాలాపంగా రాసినట్టున్నారు: థైరాయిడ్ మాత్ర వేసుకున్న అరగంటకు టిఫిన్‌తో పాటు మల్టీవిటమిన్. ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మాత్రలోని మందును పేగుల్లోనే పట్టి ఉంచేస్తాయి, రక్తంలోకి సరిగ్గా చేరనివ్వవు. వీటి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. అంటే మీ ఇంట్లో ఒక డబ్బా మందును తగ్గిస్తుండవచ్చు, ఇంకో డబ్బా రిపోర్టులో ఆ తగ్గుదల కనబడకుండా చేస్తుండవచ్చు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుంటే పైకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. 'ఎక్కువైతే ఏం పోతుంది' అన్నవాళ్ళకు ఇదొక్కటి చెబితే చాలేమో.

డాక్టరు గారికి ఫోన్ చేసి ఈ మూడు ముక్కలూ చెప్పండి: రెండు నెలలుగా రోజూ 5000 మైక్రోగ్రాముల బయోటిన్ తింటున్నాను, ఐరన్ ఉన్న మల్టీవిటమిన్ థైరాయిడ్ మాత్రకు అరగంట దూరంలో వేసుకుంటున్నాను, రెండూ మార్చి మళ్ళీ పరీక్ష చేయించుకోవచ్చా? మొహమాటపడకండి. మందులు తప్ప మిగతావి చెప్పాలని చాలామందికి తోచదు. కౌంటర్ దగ్గర "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగితే లేదంటారు. "పొడులు, గమ్మీలు, ఆకు మందులు?" అని విడమరిచి అడిగితే అప్పుడు సంచీ తెరుస్తారు.

బయోటిన్ బిడ్డకు హాని చేసిందేమోనన్న భయం మాత్రం వద్దు. విటమిన్‌గా దాని మీద అలాంటి చెడ్డ పేరు లేదు, పరీక్షలను తారుమారు చేయడమే దాని గొడవ. మల్టీవిటమిన్లో ఉండే ముప్పై మైక్రోగ్రాములతో ఆ గొడవ కూడా ఉండదు. జుట్టు రాలడానికి థైరాయిడే కారణం కావచ్చు, ఐరన్ నిల్వలు తగ్గడం కావచ్చు. బయోటిన్ లోపమన్నది చాలా అరుదు.

ఇప్పుడు కాడ్ లివర్ ఆయిల్. మీ వారు మంచి మనసుతోనే తెచ్చారు, పేరు దగ్గర పొరబడ్డారు. చేప నూనె వేరు, చేప కాలేయం నూనె వేరు. మెదడుకు మంచిదని చెప్పుకునే డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు రెండింట్లోనూ ఉంటుంది. కానీ కాలేయం విటమిన్ ఏ దాచుకునే చోటు. కాబట్టి కాలేయం నూనెతో పాటు రెటినాల్ రూపంలో విటమిన్ ఏ కూడా దండిగా వస్తుంది. గర్భంలో, ముఖ్యంగా మొదటి వారాల్లో, రెటినాల్ మితిమీరితే బిడ్డ అవయవాలు ఏర్పడే పనే దెబ్బతింటుంది. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ అనే మందును గర్భిణులు అసలు తాకకూడదని అంటారే, అది కూడా ఈ కుటుంబానిదే.

రోజుకు 10,000 యూనిట్లు, అంటే 3000 మైక్రోగ్రాములు దాటకూడదన్నది హద్దు. మీ లెక్క: మల్టీవిటమిన్ నుంచి 5000, చెంచా నూనె నుంచి 4500, కలిపి 9500. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం, కలిపితే గోడ అంచు మీద నడుస్తున్నారు. ఇది తిండిలోంచి వచ్చేది కలపకుండా. హద్దు దాటలేదు కాబట్టి నిద్ర మానుకోవద్దు, కానీ నూనె సీసా ఇవాళ్టితో మూసేయండి. మల్టీవిటమిన్ లేబుల్ మీద విటమిన్ ఏ పక్కన సన్నటి అక్షరాల్లో ఏం రాసుందో కూడా ఒకసారి చూడండి. 'బీటా కెరొటిన్' అనుంటే భయం లేదు, అది ఆకుకూరల్లో, క్యారెట్లో ఉండేదే. ఒంటికి కావలసినంత మేరకే విటమిన్ ఏగా మారుతుంది. 'రెటినైల్ పామిటేట్' లేదా 'రెటినైల్ ఎసిటేట్' అనుంటే అది తయారైన విటమిన్ ఏ, లెక్కలోకి వచ్చేది అదే. ఆ డబ్బా అయిపోయేదాకా వాడాలని పట్టుపట్టకుండా, బీటా కెరొటిన్ ఉన్నదో అసలు విటమిన్ ఏ లేనిదో చూసి మార్చుకోమంటాను.

డీహెచ్ఏ కావాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. చేపలు తినేవాళ్ళకు చాలావరకు తిండిలోనే దొరుకుతుంది. మీరు తినరు కాబట్టి రోజుకు 200 మిల్లీగ్రాముల డీహెచ్ఏ ఉన్న మాత్ర గురించి ఆలోచించవచ్చు. నాచు నుంచి తీసినవి దొరుకుతాయి, చేపలు డీహెచ్ఏను సంపాదించుకునేది కూడా చివరికి ఆ నాచు నుంచే. అయితే డబ్బా మీద నవ్వుతున్న పాపాయి బొమ్మ, పక్కనే 'తెలివైన బిడ్డ కోసం' అన్న రాత చూసి కొనకండి. ఆస్ట్రేలియాలో రెండు వేల నాలుగొందల మంది గర్భిణుల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2010లో వచ్చింది. సగం మందికి రోజుకు 800 మిల్లీగ్రాముల డీహెచ్ఏ ఇచ్చారు. తర్వాత పిల్లల తెలివిని, మాటలు వచ్చే తీరును కొలిస్తే సగటున తేడా కనబడలేదు. ఒమేగా-3 వల్ల నెలలు నిండకుండా పుట్టే ముప్పు కొంత తగ్గుతుందనడానికి మాత్రం మంచి ఆధారాలే ఉన్నాయి. నాకైతే దాన్ని తీసుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఫోలిక్ యాసిడ్ దగ్గరికి వద్దాం. ఈ డబ్బాలన్నిట్లో వాదనకు తావు లేనిది ఇదొక్కటే. గర్భం నిలిచిన 28 రోజుల లోపే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకోవాలి. అది సరిగ్గా మూసుకోకపోతే వెన్నులో చీలిక ఉండిపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. అందుకే గర్భం కోసం చూస్తున్న వాళ్ళందరినీ ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు, కనీసం పన్నెండో వారం దాటేదాకా.

మరి మీకు రాసింది 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు. పన్నెండున్నర రెట్లు. దీనికో చరిత్ర ఉంది. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ కలిగిన తల్లుల మీద ఏడు దేశాల్లో చేసిన ఒక అధ్యయనం 1991లో బయటికొచ్చింది. రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. పెద్ద డోసు అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది. అది ముఖ్యంగా అలాంటి తల్లులకు. మూర్ఛ మందులు కొన్ని వాడేవాళ్ళకు, ముందు నుంచే షుగర్ ఉన్నవాళ్ళకు, ఇంట్లో ఎవరికైనా ఈ లోపం ఉన్నవాళ్ళకు కూడా రాస్తారు. మీకు వీటిలో ఏదైనా ఉందో, లేక అలవాటుగా రాశారో నాకు తెలియదు. మీరే మానేయకండి. "నాకు 5 ఎందుకు అవసరమండీ?" అని అడగండి. కారణం ఉంటే రెండు మాటల్లో చెబుతారు. లేకపోతే మల్టీవిటమిన్లో ఉన్న 800 మీకు సరిపోతుందేమో అప్పుడే తేలుతుంది. ఎలాగూ పెద్ద డోసు చాలామందికి మూడు నెలల వరకే.

పెద్ద డోసుతో గొడవేమిటంటే, బీ12 లోపాన్ని అది మరుగున పడేస్తుంది. బీ12 తక్కువైతే రక్తంలో ఒక తరహా మార్పులు కనిపిస్తాయి, వాటిని చూసే డాక్టర్లు పసిగడతారు. ఫోలిక్ యాసిడ్ ఆ మార్పుల్ని చక్కదిద్దేస్తుంది గానీ నరాలకు జరిగే నష్టాన్ని ఆపలేదు. మాంసం, చేపలు తినని మీకు ఇది పట్టించుకోవాల్సిన సంగతే. బీ12 గర్భిణికి రోజుకు 2.6 మైక్రోగ్రాములు కావాలి. ఒక గ్లాసు పాలలో ఒకటికి కాస్త అటూ ఇటూ, ఒక గుడ్డులో అర మైక్రోగ్రాము. రెండు గ్లాసుల పాలు, ఒక గుడ్డు రోజూ కడుపులో నిలిస్తే దాదాపు సరిపోతుంది. కానీ మీరు వాంతుల్లో ఉన్నారు. పాలు వాసన చూస్తేనే తిప్పేసే రోజుల్లో ఆ లెక్క నిలవదు. తర్వాతి రక్తపరీక్షలో బీ12 కూడా చూడమని అడగండి, మల్టీవిటమిన్లో బీ12 ఉందో లేదో చూసుకోండి.

ఫోలిక్ యాసిడ్ కొనేటప్పుడు 'మామూలుది ఒంటికి పట్టదు, మిథైల్ ఫోలేటే కొనాలి' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మిథైల్ ఫోలేట్ అంటే ఒళ్ళు ఫోలిక్ యాసిడ్‌ను మార్చుకుని వాడుకునే రూపం. ఆ మార్పును కాస్త మందగింపజేసే జన్యువుల తేడా ఉన్నవాళ్ళు కూడా మామూలు ఫోలిక్ యాసిడ్‌ను వాడుకోగలరు. వెన్ను లోపాన్ని అడ్డుకుంటుందని అధ్యయనాల్లో రుజువైంది ఈ మామూలుదే. ఖరీదైనదాని వెనక ఆ రుజువు లేదు.

ప్రొటీన్ పౌడర్ గురించి రాస్తే మీ ఆడపడుచు నన్ను తిట్టుకుంటారేమో. గర్భంలో ప్రొటీన్ ఎక్కువ కావాలన్న మాట నిజమే. కానీ ఆ ఎక్కువ అవసరమయ్యేది గర్భం రెండో సగంలో. అది కూడా రోజుకు అదనంగా పాతిక గ్రాముల దాకా. గ్లాసు పాలలో ఎనిమిది గ్రాములు, గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి. దానికి తోడు పప్పు, పెరుగు. మీ పదో వారంలో తిండి మోతాదు కూడా పెంచాల్సిన పని లేదు. 'ఇద్దరి కోసం తినాలి' అన్నది మొదటి మూడు నెలలకు అసలు వర్తించదు. తర్వాతి మూడు నెలల్లో రోజుకు 340 కేలరీలు, చివర్లో 450 అదనం, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన గర్భిణుల సూచనల్లో ఈ విషయం తేటగా ఉంది: పౌష్టికాహారం అందని చోట్ల తల్లులకు శక్తి, ప్రొటీన్ సమపాళ్ళలో ఉన్న అదనపు ఆహారం ఇవ్వమంది. ప్రొటీన్ దట్టించిన సప్లిమెంట్లు మాత్రం వద్దంది. అవి మేలు చేయకపోగా, బిడ్డ ఉండాల్సినంత బరువు లేకుండా పుట్టే ముప్పు ఉండవచ్చని దాని భయం. నేనైతే ఆ పొడిని ఇప్పటికి పక్కన పెట్టమంటాను. వాంతులతో ఏదీ లోపలికి పోక బరువు తగ్గిపోతుంటే అప్పుడు డాక్టరు గారే చెబుతారు, ఏ పొడి, ఎన్ని చెంచాలో. డబ్బా వెనక చదివితే చాలా పొడుల్లో మళ్ళీ ఒక చిన్న మల్టీవిటమిన్ దాగి ఉంటుంది. అదీ లెక్కలోకే వస్తుంది. మూలికల పేర్లు కనబడితే, ముఖ్యంగా అశ్వగంధ లాంటివి, అసలు వద్దు. ఆడపడుచు గారికి మనసు నొచ్చకుండా ఎలా చెప్పాలన్నది నా చేతిలో లేదు గానీ, "థైరాయిడ్ పరీక్ష తేలేదాకా ఏదీ కొత్తది వద్దన్నారు" అంటే సరిపోతుందనుకుంటాను. అది అబద్ధం కూడా కాదు.

వాంతుల సంగతి. మల్టీవిటమిన్లోని ఐరన్ చాలామందికి కడుపులో తిప్పుతుంది. మీరు దాన్ని ఉదయం వేసుకుంటున్నారు, వేవిళ్ళు జోరు మీదుండే వేళ. రాత్రి భోజనం అయ్యాక, పడుకునే ముందు కాస్త ఏదైనా తిని వేసుకుని చూడండి. థైరాయిడ్ మాత్రకు ఎడం కూడా దానంతట అదే కుదురుతుంది. అప్పటికీ పడకపోతే, డాక్టరు గారితో ఒక మాట అని, రెండు మూడు వారాలు మల్టీవిటమిన్ ఆపి ఒక్క ఫోలిక్ యాసిడ్ మీద ఉండవచ్చు. చాలామంది చేసేది అదే. మీ హిమోగ్లోబిన్ 11.4. మొదటి మూడు నెలల్లో 11 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. కాబట్టి ఐరన్‌కు కొన్నాళ్ళు వ్యవధి ఉంది. ఐయోడిన్ కూడా ఉంది కదా అన్న సందేహం థైరాయిడ్ వాళ్ళకు వస్తుంది. 150 మైక్రోగ్రాములతో మీకు భయం లేదు, గర్భిణికి అన్నీ కలిపి రోజుకు 250 కావాలి. సముద్రపు నాచుతో చేసిన 'సహజ ఐయోడిన్' మాత్రల జోలికి మాత్రం పోవద్దు. ఏ మాత్రలో ఎంతుందో చేసినవాళ్ళకే నిలకడగా తెలియదు. ఇక నీళ్ళు కూడా నిలవక, మూత్రం ముదురు రంగులోకి మారి, లేస్తే కళ్ళు తిరుగుతుంటే అది విటమిన్ల ప్రశ్న కాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

మీరు అడగలేదు గానీ, మూడో నెల దాటాక మీ చీటీలోకి ఐరన్, కాల్షియం వస్తాయి. అప్పుడు ఈ ఉత్తరం వెతుక్కోవాల్సిన పని లేకుండా ఇప్పుడే చెప్పేస్తాను. ఐరన్ మాత్ర మీద పెద్ద అంకె చూసి మోసపోవద్దు. 300 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్, 180 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఫ్యూమరేట్, 500 మిల్లీగ్రాముల ఫెర్రస్ గ్లూకొనేట్ – ఈ మూడింట్లోనూ అసలు ఇనుము ఉండేది 60 మిల్లీగ్రాములే. మిగతాది దానికి అంటుకున్న ఉప్పు బరువు. లేబుల్‌పై 'ఎలిమెంటల్ ఐరన్' అని ఎక్కడుందో వెతకండి, అదే నిజమైన లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 30 నుంచి 60. మీ మల్టీవిటమిన్లో 27 ఉంది కాబట్టి, విడిగా ఐరన్ రాసేటప్పుడు ఆ మాట డాక్టరు గారి చెవిన వేయండి.

ఐరన్ మలబద్ధకం చేస్తుంది, మలం నల్లగా వస్తుంది. నల్లరంగు చూసి హడలిపోయి ఫోన్లు చేసినవాళ్ళను చాలామందిని చూశాను, అది మామూలే. మలబద్ధకం మాత్రం మామూలేనని ఓర్చుకోనక్కర్లేదు. నా మొదటి కాన్పప్పుడు, కౌంటర్లో పది మందికి 'మానకండి' అని చెప్పే నేనే, ఆ బాధ పడలేక ఎవరికీ చెప్పకుండా మూడు వారాలు ఐరన్ మానేశాను. హిమోగ్లోబిన్ పడిపోయాక అక్షింతలు వేయించుకున్నాను. తర్వాత తెలిసింది, రూపం మార్చినా, డోసు తగ్గించినా, రోజు విడిచి రోజు వేసుకున్నా చాలామందికి సర్దుకుంటుందని. డాక్టర్ను అడిగితే సరిపోయేది. టీ, కాఫీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు, గంటా రెండు గంటలు దూరం ఉంచండి. కమలా, నిమ్మ లాంటి పులుపు పట్టిస్తుంది.

కాల్షియంలోనూ ఇదే అంకెల మాయ. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌లో కాల్షియం 500. ఒంటికి ఒకసారికి ఐదు వందలకు మించి సరిగ్గా పట్టదు, కాబట్టి రెండు మాత్రలు రాస్తే రెండు పూటలు వేసుకోండి. కార్బొనేట్ అయితే భోజనంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా. తిండిలో కాల్షియం బాగా తక్కువగా ఉండేవాళ్ళకు ఇది గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరగడాన్ని తగ్గిస్తుంది. ఎముకల కంటే నాకు అదే పెద్ద మేలనిపిస్తుంది. ఐరన్, కాల్షియం కలిపి మింగితే ఒకదానికొకటి అడ్డు. మీకు మూడు మాత్రల సర్దుబాటు కాబట్టి ఇలా పెట్టుకోండి: పొద్దున లేవగానే నీళ్ళతో థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్న భోజనంతో కాల్షియం, రాత్రి పడుకునే ముందు ఐరన్. రెండో కాల్షియం ఉంటే సాయంత్రం ఏదైనా తిన్నప్పుడు. విటమిన్ డి రోజుకు 600 యూనిట్లు చాలు, మల్టీవిటమిన్లో తరచూ అంత ఉంటుంది. పరీక్షలో బాగా తక్కువని తేలితే తప్ప పెద్ద డోసులు అడగొద్దు.

కొత్త మల్టీవిటమిన్ ఎంచుకునేటప్పుడు, నన్నడిగితే పొడవాటి జాబితా కంటే పొట్టి జాబితాయే మేలు. ఫోలిక్ యాసిడ్, ఐరన్, ఐయోడిన్, బీ12, విటమిన్ డి – ఇవి ఉండి, విటమిన్ ఏ బీటా కెరొటిన్ రూపంలో ఉంటే మీకు చాలు. 'సర్వింగ్' అంటే ఒక మాత్రా, రెండా అన్నది చూడండి. పెద్దపెద్ద అంకెలు చాలాసార్లు రెండు మూడు మాత్రలకు కలిపి రాసినవి. 'ప్రత్యేక మిశ్రమం' అని రాసి లోపల ఏది ఎంతో చెప్పనిది కొనకండి. గమ్మీ రూపంలో వచ్చే గర్భిణుల విటమిన్లలో సాధారణంగా ఐరన్ ఉండదు, రుచి చెడుతుందని. చాలా దేశాల్లో సప్లిమెంట్లకు మందులకున్నంత తనిఖీ ఉండదు. తయారీదారుతో సంబంధం లేని సంస్థ పరీక్షించిన ముద్ర ఉంటే, అంటే యూఎస్‌పీ లాంటిది, లేబుల్ మీద రాసిందే లోపల ఉందన్న నమ్మకం కాస్త ఉంటుంది. అది మీకు అవసరమా లేదా అన్నది ఆ ముద్ర చెప్పదు.

కాబట్టి మీ ఐదు డబ్బాల్లో నేను ఇవాళ బల్ల మీద ఉంచేది ఫోలిక్ యాసిడ్, డోసు ఎందుకంతో అడిగేదాకా యథాతథంగా. మల్టీవిటమిన్, రాత్రికి మార్చి, వీలైతే వేరే రకానికి. గమ్మీలు, కాలేయం నూనె, పొడి బీరువాలోకి. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళే రోజు మాత్రం ఐదింటినీ సంచీలో వేసుకుని వెళ్ళండి, ఫోటోలు కాదు, డబ్బాలే. ఫోటోలో ఎప్పుడూ ముందు వైపే పడుతుంది, అసలు రాత వెనక ఉంటుంది.

ఇంట్లోకి చిన్నపిల్లలు వస్తూ పోతూ ఉంటే, ఐరన్ మాత్రలు ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ వాళ్ళ చేతికి అందని అరలో, మూత బిగించి పెట్టండి. తీపి పూత పూసిన ఎర్ర మాత్రలు పిల్లలకు మిఠాయిలాగే ఉంటాయి, గుప్పెడు మింగితే పసివాళ్ళ ప్రాణానికే ముప్పు. మీ మల్టీవిటమిన్లో కూడా ఐరన్ ఉంది, దాన్నీ ఇప్పుడే పైకెక్కించండి.